పాత మెత్తటి రాక్‌ను మళ్లీ వాయిస్తున్న కొత్తవాళ్లు: ఎవరిది పైపూత, ఎవరిది చేతిపని?

నల్లమెట్లు (విజయవాడ)

అందరికీ నమస్తే. ఇక్కడ వాయించేవాళ్లు, చెవి పెట్టి వినేవాళ్లు ఉన్నారని తెలుసు కాబట్టి ఈ సంగతి మీ ముందు పెడుతున్నా.

నేను పద్నాలుగేళ్లుగా చర్చిలో కీబోర్డ్ వాయిస్తున్నా. మొన్న జనవరిలో హైదరాబాద్ నుంచి నైట్ బస్సులో వస్తుంటే ఫోన్ తనంతట తానే పాటలు మార్చుకుంటూ వెళ్లి థండర్‌క్యాట్ ‘షో యూ ద వే’ దగ్గరికి వచ్చింది. 2017లో వచ్చిన పాట. మధ్యలో ఆయన అతిథుల్ని స్టేజీ మీదికి పిలిచినట్టు ఇద్దరిని పేరు పెట్టి పిలుస్తాడు: కెన్నీ లాగిన్స్, మైకేల్ మెక్‌డొనాల్డ్. మెక్‌డొనాల్డ్ గొంతు మొదలవగానే నిద్ర ఎగిరిపోయి సీట్లో నిటారుగా కూర్చున్నా. ఆ ఇద్దరూ 1978లో కలిసి రాసిన ‘వాట్ ఎ ఫూల్ బిలీవ్స్’ డూబీ బ్రదర్స్ బ్యాండ్ చేతిలో పడి 1980 గ్రామీల్లో పెద్ద అవార్డులు రెండు కొట్టేసింది. దాదాపు నలభై ఏళ్ల తర్వాత, వాళ్ల పిల్లల ఈడు బేస్ వాద్యకారుడు వాళ్లను పిలిచి, తన పాటలో సగం వాళ్లకే ఇచ్చాడు.

ఆ రాత్రి నుంచి ఇదే పని. 1975 నుంచి ఓ ఎనిమిదేళ్ల పాటు లాస్ ఏంజెలెస్ స్టూడియోల్లో తయారైన సంగీతం ఒకటి ఉంది కదా, ఎలక్ట్రిక్ పియానో, గుండ్రటి బేస్, వెనక పొరలు పొరలుగా కోరస్, ఎక్కడా గరుకు తగలని రికార్డింగ్. దాన్ని ఇప్పుడు వాయిస్తున్న కొత్తవాళ్ల పాటలన్నీ వెతికి వింటున్నా.

వింటుంటే ఒకటి తెలిసింది. ఈ పాటల్లో అడుగడుగునా వచ్చే ఒక కార్డ్ నా చేతులకు ఎప్పటినుంచో తెలుసు. ఎడమచేత్తో బేస్‌లో జీ, కుడిచేత్తో ఎఫ్ మేజర్. మన లెక్కలో చెప్పాలంటే కింద పంచమం, పైన మ-ధ-స. షడ్జమానికి చేరాలని ఉంటుంది కానీ చేరదు, గుమ్మంలో నిలబడినట్టు ఉంటుంది. ప్రార్థన చివర పాస్టర్ గారు మెల్లగా మాట్లాడుతుంటే వెనక మేం పట్టి ఉంచేది సరిగ్గా ఇదే. ఏళ్ల తరబడి వాయించా, దీనికి ఇంకో ఇల్లు ఉందని ఇప్పుడు తెలిసింది.

నా ప్రశ్న ఇది. కొత్తవాళ్లలో కొందరి పాట వింటే ఒళ్లు జలదరిస్తోంది. కొందరిది అవే కార్డులు, అదే పియానో శబ్దం, కానీ రెండో నిమిషానికే ఖాళీగా అనిపిస్తోంది. తేడా ఎక్కడుంది? ఇంకా ఎవర్ని వినాలి?

క్యాసెట్ పెట్టె (సికింద్రాబాద్)

తమ్ముడూ, నీ పోస్టు చదివి చాలా సంతోషమేసింది. 1983లో నేను ఇంజినీరింగ్ రెండో ఏడు. గల్ఫ్ నుంచి వచ్చిన మా మేనమామ ఇచ్చిన క్యాసెట్లలో ఒకటి టోటో బ్యాండ్ ఆల్బమ్ ‘టోటో ఫోర్’. రిబ్బన్ రెండుసార్లు తెగితే గోళ్ల రంగుతో అతికించి విన్నాను. ఇప్పటికీ ‘ఆఫ్రికా’ రెండో చరణం దగ్గర నా చెవి ఆ అతుకు కోసం ఎదురుచూస్తుంది.

ఆ కాలం గురించి కాస్త చెబుతాను. క్రిస్టఫర్ క్రాస్ అని టెక్సస్ కుర్రాడు. 1979 చివర్లో మొదటి ఆల్బమ్. 1981 గ్రామీల్లో ఆల్బమ్, రికార్డ్, పాట, కొత్త కళాకారుడు, నాలుగు పెద్ద అవార్డులూ ఒకే రాత్రి అతనికే. ఆ పని మళ్లీ 2020లో బిల్లీ ఐలిష్ చేసేదాకా ఎవరికీ సాధ్యం కాలేదు. అంత పైకెళ్లిన సంగీతం నాలుగైదేళ్లలో ఎలా మాయమైంది? 1981 ఆగస్టులో ఎంటీవీ మొదలైంది. పాటను చూడటం మొదలుపెట్టారు జనం. స్టూడియోలో తలదించుకుని వాయించేవాళ్లకు టీవీలో చూపించడానికి ఏముంటుంది? 1983లో యమహా డీఎక్స్7 సింథసైజర్ వచ్చి రోడ్స్ ఎలక్ట్రిక్ పియానోను చాలా స్టూడియోల్లోంచి బయటికి నెట్టింది. తర్వాత ఇరవై ఏళ్లు దీన్ని డెంటిస్ట్ దగ్గర వెయిటింగ్ రూమ్ సంగీతం అన్నారు.

ఇప్పుడు అందరూ వాడే ‘యాట్ రాక్’ (యాట్ అంటే విలాసపడవ) అనే పేరు అప్పట్లో లేదు. 2005లో లాస్ ఏంజెలెస్‌లో కొందరు స్నేహితులు తీసిన ఇంటర్నెట్ సిరీస్ పేరు అది. యూరప్‌లో దీన్ని ‘వెస్ట్ కోస్ట్’ అంటారు, జపాన్‌లో ‘ఏఓఆర్’ (అడల్ట్ ఓరియెంటెడ్ రాక్). పడవ, టోపీ, కాక్‌టెయిల్ అన్నీ తర్వాత తగిలించినవే. స్టీలీ డాన్ బ్యాండ్ గాయకుడు డొనాల్డ్ ఫేగెన్‌కు ఆ మాటంటేనే మంట. నాకూ అంత ఇష్టం లేదు. పేరు వినగానే జనం నవ్వడానికి సిద్ధమైపోతారు, పాట వినరు.

తాళంగాడు (వరంగల్)

డ్రమ్మర్ని కాబట్టి నా వైపు నుంచి చెబుతా. తేడా ఎక్కడుంది అని అడిగారు, నాకైతే ఎడమచేతిలో ఉంది.

టోటో ‘రోజానా’ తీసుకోండి, 1982. అందులో వాళ్ల డ్రమ్మర్ జెఫ్ పోర్కారో వాయించింది హాఫ్‌టైమ్ షఫుల్ అనే నడక. మనవాళ్లకు చాలా తేలిగ్గా చెప్పొచ్చు, అది తిశ్ర గతి. నాలుగుసార్లు తకిట అనుకోండి: తకిట తకిట తకిట తకిట. కుడిచేయి హై-హ్యాట్ (జంట తాళాలు) మీద ‘త’, ‘ట’ మాత్రమే కొడుతుంది, ‘కి’ వదిలేస్తుంది. ఆ వదిలేసిన ‘కి’ని ఎడమచేయి స్నేర్ డ్రమ్ మీద వేస్తుంది, కానీ ఎంత మెల్లగా అంటే కర్ర చర్మం మీద పడిందో లేదో అన్నంత మెల్లగా. దాన్నే ఘోస్ట్ నోట్ అంటారు. అదే ఎడమచేయి మూడో తకిటలో ‘త’ దగ్గర మాత్రం గట్టిగా కొట్టాలి. కొట్టిన మరుక్షణం మళ్లీ దయ్యంలా మెల్లగా అయిపోవాలి. కష్టమంతా అక్కడే. గట్టి దెబ్బ తర్వాత వచ్చే ఆ ‘కి’ తొంభై తొమ్మిది మందికి గట్టిగానే పడుతుంది.

ఇది పోర్కారో సొంత ఆస్తి కాదు, ఆయనే స్వయంగా చెప్పుకున్నాడు. డ్రమ్మర్ బెర్నార్డ్ పర్డీ షఫుల్ తీసుకుని, లెడ్ జెపెలిన్‌లో జాన్ బోనమ్ వాయించింది కలిపి, కిక్‌లో (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) పాతతరం గిటారిస్టు బో డిడ్లీ తాళం పెట్టాడు. పర్డీ వాయించింది వినాలంటే స్టీలీ డాన్ ‘హోమ్ ఎట్ లాస్ట్’ (1977), ‘బాబిలోన్ సిస్టర్స్’ (1980).

కొత్తవాళ్లలో ఖాళీగా ఉన్నవాళ్ల పాట తీసి ఈ ‘కి’ కోసం వెతకండి. ఉండదు. ఉన్నా అన్నీ ఒకే బరువులో ఉంటాయి, మౌస్‌తో గడుల్లో పెట్టినట్టు.

వెన్నెల వీధి (బెంగళూరు)

కాస్త ఎదురు మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. నేను ఇంట్లో కంప్యూటర్ మీద ట్రాకులు చేస్తాను, ఈ పునరుద్ధరణ అన్న మాట మీదే నాకు నమ్మకం లేదు. పాత రికార్డులా వినిపించే ప్లగ్ఇన్‌లు, అంటే చిన్న సాఫ్ట్‌వేర్లు, అమ్ముతున్నారు, టేపు గరగర ఒకటి, రోడ్స్ ఒకటి, కోరస్ ఒకటి. మూడూ వేస్తే 1979 వచ్చేస్తుంది. అట్లాంటాలో యాట్ రాక్ రివ్యూ అనే బ్యాండ్ 2007 నుంచి ఈ పాటలే వాయించి పెద్దదైంది. తప్పని అనను. కానీ ఉన్న పాటను ఉన్నట్టు మళ్లీ వాయిస్తే అది సంగీతంలో ముందడుగు ఎలా అవుతుంది? 2018లో వీజర్ బ్యాండ్ టోటో వాళ్ల ‘ఆఫ్రికా’ వాయిస్తే ఎంత గోల! ఒక అభిమాని ట్విట్టర్‌లో పట్టుబట్టి అడిగినందుకు చేశారు, అంతే.

ఇంకోటి. చేతులు చేతులు అంటున్నారు తాళంగాడు గారు. మీరు చెప్పిన టోటో వాళ్ల ‘ఆఫ్రికా’నే తీసుకోండి. అందులో తాళం టేప్ లూప్. పోర్కారో, పెర్కషన్ వాయించే లెన్నీ క్యాస్ట్రో కొన్ని నిమిషాలు వాయించాక బాగున్న ముక్కను కత్తిరించి టేపు చుట్టలా తిప్పారు. స్టీలీ డాన్ ‘గౌచో’ (1980) కోసమైతే ఇంజినీర్ రోజర్ నికల్స్ వెండెల్ అని డ్రమ్ యంత్రమే తయారు చేశాడు, లక్షా యాభై వేల డాలర్లతో. యంత్రం అప్పుడే వచ్చేసింది కదా?

నల్లమెట్లు (విజయవాడ)

వెన్నెల వీధి గారూ, మంచి ప్రశ్న. వెండెల్ గురించి నాకు తెలియదు, ఇప్పుడే చదివాను. కాసేపు ఆలోచనలో పడ్డా. దీనికి సమాధానం తాళంగాడు అన్నే చెప్పాలి.

తాళంగాడు (వరంగల్)

చెబుతా. మీరు చెప్పినవి రెండూ నిజమే. కానీ లూప్‌లో తిరిగింది ఏమిటి? ఇద్దరు మనుషులు ఒక గదిలో పక్కపక్కన కూర్చుని వాయించిన తాళం. వెండెల్ లోపలున్నది కూడా నిజమైన డ్రమ్మర్ కొట్టిన దెబ్బల రికార్డింగులే. వాటిని కాలంలో వెంట్రుకవాసి అటూ ఇటూ జరపడానికి యంత్రం కట్టారు. ఎందుకంటే ఫేగెన్‌కు, స్టీలీ డాన్‌లో అతని జోడీ వాల్టర్ బెకర్‌కు డ్రమ్మర్ వాయించింది ఎంత బాగున్నా ఇంకా ఏదో తక్కువ అనిపించేది. అది కష్టం తప్పించుకోవడానికి కట్టిన యంత్రం కాదు, కష్టం పెంచుకోవడానికి కట్టింది. ప్లగ్ఇన్ కొనడానికీ దానికీ పోలిక లేదు.

మా ఊళ్లో ఆర్కెస్ట్రాల్లో ఆక్టోపాడ్ (కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ డ్రమ్) ఉంటుంది. అందరిదీ అదే మిషను. వాయించేవాణ్ని బట్టి పెళ్లి పందిరి లేస్తుంది, లేదా పడుకుంటుంది. మిషన్ ఉందా లేదా అన్నది కాదు నేను చూసేది.

ఐదు తీగలు (డల్లాస్)

బేస్ వాయిస్తాను, పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఈ చర్చ చూసి ఆఫీసులోనే కూర్చుని రాస్తున్నా.

డాఫ్ట్ పంక్ ఇద్దరూ జీవితమంతా యంత్రాలతో పాటలు కట్టినవాళ్లు. 2013లో ‘రాండమ్ యాక్సెస్ మెమరీస్’కి వచ్చేసరికి యంత్రాల్ని పక్కకు జరిపి మనుషుల్ని పిలిచారు. బేస్ నేథన్ ఈస్ట్, డ్రమ్స్ ఒమర్ హకీమ్, మైకేల్ జాక్సన్ ‘ఆఫ్ ద వాల్’కి వాయించిన జె.ఆర్. రాబిన్సన్, గిటార్ నైల్ రాడ్జర్స్. అందరూ డిస్కో పాటలే గుర్తుపెట్టుకున్నారు గానీ, మనం మాట్లాడుకునే సంగతి అందులో ‘ఫ్రాగ్మెంట్స్ ఆఫ్ టైమ్’. కారులో సాయంత్రం పూట ఆ పాట పెట్టి చూడండి, పడమటి తీరం అంతా అందులో ఉంది. ఆల్బమ్‌కి 2014 గ్రామీల్లో ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్ వచ్చింది.

జాన్ మేయర్ 2021లో ‘సాబ్ రాక్’ చేశాడు. అందులో పెర్కషన్ ఎవరు? వెన్నెల వీధి గారు చెప్పిన లెన్నీ క్యాస్ట్రోనే. ‘ఆఫ్రికా’ లూప్‌లో పోర్కారో పక్కన కూర్చున్న మనిషే. కీబోర్డులు గ్రెగ్ ఫిలింగేన్స్. అంటే ఆ శబ్దం కావాలంటే మేయర్ ప్లగ్ఇన్ కొనలేదు, ఆ చేతులు ఇంకా బతికే ఉన్నాయని వాళ్లనే పిలిచాడు. నాకు ఆ ఆల్బమ్‌లో రెండు మూడు పాటలే నచ్చాయి, అట్టమీద తక్కువ ధర స్టిక్కర్ లాంటి చమత్కారాలు అవసరం లేదనిపించింది. కానీ ‘లాస్ట్ ట్రెయిన్ హోమ్’ మొదలయ్యే తీరు విన్నప్పుడల్లా గేర్ మార్చి మెల్లగా నడుపుతాను.

థండర్‌క్యాట్ గురించి ఒక మాట. ఆయన ఒకప్పుడు సూయిసైడల్ టెండెన్సీస్‌లో, అంటే గట్టి పంక్-మెటల్ బ్యాండ్‌లో వాయించాడు. తర్వాత ర్యాపర్ కెండ్రిక్ లమార్ ఆల్బమ్‌లో. ఆరు తీగల బేస్ మీద ఆయన వేళ్లు ఎంత వేగంగా పరిగెత్తగలవో అందరికీ తెలుసు. ‘షో యూ ద వే’లో మాత్రం ఎక్కడా పరిగెత్తడు. పెద్దవాళ్లు ఇంటికి వస్తే పిల్లలు గొంతు తగ్గించినట్టు తగ్గించి వాయించాడు. ఆ మర్యాద నాకు చాలా నచ్చింది.

కాకినాడ తీరం (కాకినాడ)

నేను గాయనిని, కోరస్ పాడతాను. అందరూ డ్రమ్స్, బేస్ అంటున్నారు, నా వైపు ఎవరూ చూడటం లేదు కాబట్టి వచ్చా.

స్టీలీ డాన్ ‘పెగ్’ (1977)లో పల్లవి వెనక పొరలు పొరలుగా వినపడేది మైకేల్ మెక్‌డొనాల్డ్ గొంతు. ఒక వరస పాడి, దాని మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి. ‘పెగ్’ ఉన్న ఆల్బమ్ మీద తీసిన డాక్యుమెంటరీలో ఫేగెన్ మిగతా వాద్యాలన్నీ తగ్గించి ఆ గొంతుల్ని మాత్రమే వినిపిస్తాడు. అది విన్న రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ స్వరాలు ఒకదానికొకటి ఎంత దగ్గరంటే పక్కపక్క మెట్లు. రిషభం ఒకరు, గాంధారం ఒకరు పట్టుకున్నట్టు, రాపిడి పుట్టేంత దగ్గర. విడిగా వింటే తప్పుగా పాడుతున్నాడేమో అనిపిస్తుంది. కలిపితే మంచు మీద ఎండ పడినట్టు ఉంటుంది.

నేనూ ప్రయత్నించా. ఇంట్లో, ఫోన్‌లో, ఫ్యాన్ ఆపేసి, దుప్పటి కప్పుకుని. మొదటి వరస బాగానే వచ్చింది. రెండో వరస పాడేటప్పుడు చెవిలో మొదటిది వినిపిస్తుంటే గొంతు దానంతట అదే అటు జారిపోతోంది. పదకొండు టేకులు తీసుకున్నా. చివరికి చెవిలోంచి ఒక వైపు ఇయర్‌ఫోన్ తీసేసి, నా గొంతు ఎముకల్లోంచి వినపడేలా అరచేయి చెవికి అడ్డం పెట్టుకుని పాడితే నిలబడింది. నాలుగు కొలతలు, అంటే పది సెకన్ల పాట. దానికి ఒక సాయంత్రం పట్టింది.

నల్లమెట్లు గారూ, స్టీలీ డాన్ వాళ్లది ‘మూ మేజర్’ అని కార్డ్ ఉంది కదా, మామూలు మేజర్ కార్డులో రిషభం కలుపుతారు. స-రి-గ-ప ఒకేసారి. అంటే మోహనంలో ధైవతం తీసేస్తే మిగిలిన నాలుగూ. దాన్ని కీబోర్డ్ మీద రి-గ పక్కపక్కన ఉండేలా పట్టి వినండి. మనకు ఆరోహణలో వరసగా వినే స్వరాలు నిలువుగా ఒకదాని మీద ఒకటి నిలబడితే ఎలా ఉంటుందో తెలుస్తుంది.

నల్లమెట్లు (విజయవాడ)

అక్కా, ఇప్పుడే పట్టి చూశా. రాత్రి పదకొండున్నర అయింది, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ ఒక్క కార్డ్ పావుగంట వాయించా. మోహనం అని మీరు చెప్పకపోతే నాకు ఎప్పటికీ తట్టేది కాదు.

ఉత్తర గాలి (స్టాక్‌హోమ్)

ఇంకా ఎవర్ని వినాలి అన్నదానికి ఇటు నుంచి కొన్ని పేర్లు. ఈ సంగీతానికి ఇప్పుడు గట్టి ఇల్లు కాలిఫోర్నియా కన్నా ఉత్తర యూరప్ అని నా అభిప్రాయం. చలికాలమంతా సూర్యుడు సరిగ్గా కనపడని ఊళ్లలో ఈ ఎండ సంగీతం ఇంత గట్టిగా పట్టుకోవడం మొదట్లో నాకు ఆశ్చర్యంగా ఉండేది. రెండో చలికాలం గడిచాక ఆశ్చర్యం పోయింది.

స్టేట్ కౌస్: స్వీడన్ ఉత్తరాన ఊమియో నుంచి వచ్చారు, 2010లో మొదటి ఆల్బమ్. ఓలె బోరూడ్: నార్వే. ఈయన ముందు ఎక్స్‌టాల్ అనే మెటల్ బ్యాండ్‌లో గిటార్ వాయించాడు. 2008లో ‘షేకిన్ ద గ్రౌండ్’ విడుదల చేస్తే అదే మనిషా అని నమ్మలేం. మెటల్ వాళ్ల క్రమశిక్షణ అందులో కనపడుతుంది, గిటార్‌లో ఒక్క స్వరం కూడా వదులుగా ఉండదు. బెన్నీ సింగ్స్: నెదర్లాండ్స్, ఈయనది ఇంకా చిన్న గొంతు, ఇంట్లో పాడుకున్నట్టు ఉంటుంది.

కానీ అందరికన్నా ముందు యంగ్ గన్ సిల్వర్ ఫాక్స్ వినండి. ఇద్దరే మనుషులు. ఆండీ ప్లాట్స్ అనే ఇంగ్లిష్ గాయకుడు, షాన్ లీ అనే అమెరికన్. షాన్ లీ కాన్సస్‌లో పుట్టి లండన్‌లో స్థిరపడ్డాడు, చాలా వాద్యాలు తనే వాయిస్తాడు. 2015లో మొదటి ఆల్బమ్ ‘వెస్ట్ ఎండ్ కోస్ట్’. లండన్ వెస్ట్ ఎండ్, కాలిఫోర్నియా వెస్ట్ కోస్ట్ రెండూ ఆ పేరులోనే కలిశాయి. 2018లో ‘ఏఎమ్ వేవ్స్’, 2020లో ‘క్యాన్యన్స్’. పాత రికార్డింగుల్లో గదినిండా సెషన్ వాద్యకారులుంటే ఇక్కడ ఇద్దరున్నారు. అయినా ఖాళీ అనిపించదు. ఎందుకో తాళంగాడు గారు వినిచెప్పాలి.

ఐదు తీగలు (డల్లాస్)

బ్రెజిల్ మర్చిపోకండి. ఎడ్ మోట్టా, 2013లో ఆయన ఆల్బమ్ పేరే ‘ఏఓఆర్’. పోర్చుగీసులో, ఇంగ్లిష్‌లో రెండు రూపాల్లో చేశాడు. పోర్చుగీసుది వినండి. భాష మారితే ఈ సంగీతం తట్టుకుంటుందా అన్న అనుమానం ఉంటే తీరిపోతుంది.

క్యాసెట్ పెట్టె (సికింద్రాబాద్)

జపాన్ కూడా. మా అమ్మాయి 2020 చివర్లో ఫోన్‌లో ఒక జపాన్ పాట వింటుంటే ఇదేదో మా కాలం పాటలా ఉందే అన్నాను. మికీ మత్సుబారా ‘మయోనాకా నో డోర్’, 1979 పాట. లాస్ ఏంజెలెస్ శబ్దాన్ని జపాన్ వాళ్లు తమది చేసుకుని సిటీ పాప్ అన్నారు. నలభై ఏళ్ల తర్వాత అది ప్రపంచమంతా తిరిగింది, అప్పటికి ఆవిడ లేరు, 2004లోనే పోయారు. 2022లో ద వీకెండ్ అనే గాయకుడి ‘అవుట్ ఆఫ్ టైమ్’లో వినపడే మెత్తటి తీగ కూడా జపాన్ గాయని టొమోకో ఆరన్ పాట ముక్కే.

వెన్నెల వీధి (బెంగళూరు)

ఉత్తర గాలి గారు చెప్పిన ‘ఏఎమ్ వేవ్స్’ రెండుసార్లు విన్నా, మంచి హెడ్‌ఫోన్స్‌తో. ఒప్పుకుంటున్నా, ప్లగ్ఇన్ మాట దీనికి వర్తించదు. బ్రాస్ వచ్చే చోట్ల, గిటార్ చిన్నగా తగిలి తప్పుకునే చోట్ల మనుషులే కనపడుతున్నారు.

కానీ నా అభ్యంతరం ఇంకోటి మిగిలింది, ఇది ముందుదాని కన్నా పెద్దది. మాటలు. పాత పాటలు పైకి అంత నున్నగా ఉన్నా లోపల ఎవరున్నారో చూడండి. ‘వాట్ ఎ ఫూల్ బిలీవ్స్’లో ఉన్నది పాత పరిచయాన్ని ప్రేమనుకుని ఏళ్ల తరబడి మోసిన మనిషి. ఆమెకు అతను సరిగ్గా గుర్తు కూడా లేడు. స్టీలీ డాన్ పాటల నిండా ఓడిపోయినవాళ్లు, అబద్ధాలాడేవాళ్లు, వయసు దాటిపోయిందని తెలిసీ ఒప్పుకోలేనివాళ్లు. నున్నటి సంగీతం వాళ్ల సిగ్గును కప్పే మంచి చొక్కా. కొత్తవాళ్లలో చాలామంది చొక్కా కుట్టారు, లోపల మనిషిని పెట్టలేదు. సముద్రం, ఎండ, వారాంతం, కారు. రెండో నిమిషానికి ఖాళీ అనిపించింది అన్నారు కదా నల్లమెట్లు గారు, నా లెక్కలో అది ఇక్కడి నుంచి వస్తోంది, ‘కి’ నుంచి కాదు.

కాకినాడ తీరం (కాకినాడ)

ఈ మాట నిజం. పాడేవాళ్లకు ఇంకా బాగా తెలుస్తుంది. లోపల మనిషి లేని పాటకు కోరస్ ఎంత పెట్టినా నిలబడదు. ‘షో యూ ద వే’ నిలబడటానికి అది కూడా కారణం, అందులో చీకటి అంచుదాకా వెళ్లి దారి చూపిస్తానని అడిగే మనిషి ఉన్నాడు.

పాత నీడ (హ్యూస్టన్)

ఆలస్యంగా వచ్చాను, ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. దీన్ని తెల్లవాళ్ల మెత్తటి సంగీతం అనుకుంటారు చాలామంది. వేర్లు చూస్తే పర్డీ నల్లజాతి డ్రమ్మర్, సోల్ రికార్డుల నుంచి వచ్చాడు. మెక్‌డొనాల్డ్ పియానోలో, గొంతులో ఉన్నది గాస్పెల్. నల్లమెట్లు గారికి చర్చిలో ఆ కార్డ్ ముందే తెలిసి ఉండటం అందుకే వింతేం కాదు. ఆ కార్డ్ అటూ చర్చిలోంచే వచ్చింది.

రాక్ విమర్శకులు దీన్ని పారేసిన రోజుల్లో దీన్ని దాచిపెట్టుకున్నది హిప్‌హాప్ వాళ్లు. డి లా సోల్ 1989లో ‘పెగ్’ ముక్క తీసుకున్నారు. వారెన్ జి 1994లో ‘రెగ్యులేట్’ కట్టింది మెక్‌డొనాల్డ్ 1982 పాట మీద. ఇక్కడ మా కాలనీలో పిల్లలకు ఆ తీగ తెలుసు, అసలు పాట తెలియదు. లాస్ ఏంజెలెస్‌లో సంగీతకారుల ఇంట్లో పుట్టిన థండర్‌క్యాట్ ఇప్పుడు మెక్‌డొనాల్డ్‌ను పిలిచి పాడించాడంటే, బయటివాడు పాత వస్తువు కొనుక్కున్నట్టు కాదు. ఇంట్లోంచి వెళ్లినది ఇంటికి తిరిగొచ్చింది.

క్యాసెట్ పెట్టె (సికింద్రాబాద్)

పాత నీడ గారూ, చాలా సంతోషం, చెప్పాల్సిన మాట చెప్పారు.

వెండెల్ మాట వచ్చింది కాబట్టి ‘గౌచో’ సంగతి ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. ఆ ఆల్బమ్ కోసం ‘ద సెకండ్ అరేంజ్‌మెంట్’ అని ఒక పాట వారాల తరబడి చేశారు. నిర్మాత గ్యారీ కాట్జ్‌కి అన్నిటికన్నా ఇష్టమైనది. 1979 చివర్లో ఒక అసిస్టెంట్ ఇంజినీర్ పొరపాటున ఆ టేపులో చాలా భాగం చెరిపేశాడు. మళ్లీ వాయించి చూశారు, రాలేదు. వదిలేశారు. అదే మనుషులు, అదే స్టూడియో, అవే కార్డులు, అంత పట్టుదల ఉన్నవాళ్లు. అయినా రాలేదు. రోజర్ నికల్స్ ఇంట్లో ఉండిపోయిన ఒక క్యాసెట్ ఆయన కూతుళ్ల చేతికి దొరికి, 2023లో ఆ పాట బయటికి వచ్చింది. క్యాసెట్! నేను ఆ రోజు ఇంట్లో కూర్చుని నాలుగుసార్లు విన్నాను. నా ‘టోటో ఫోర్’ రిబ్బన్ గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి.

వెన్నెల వీధి (బెంగళూరు)

క్యాసెట్ పెట్టె గారూ, ఈ సంగతి నాకు తెలియదు. ఈ వారం ఒక పని చేస్తాను. నా ట్రాకుల్లో ఒకదాని డ్రమ్స్ అన్నీ తీసేసి, ఇక్కడ తెలిసిన డ్రమ్మర్‌తో మళ్లీ వాయించి చూస్తాను. తాళంగాడు గారి తకిట లెక్కన.

తాళంగాడు (వరంగల్)

తప్పకుండా చేయండి, విని చెబుతా. ఉత్తర గాలి గారూ, ‘వెస్ట్ ఎండ్ కోస్ట్’ విన్నా. డ్రమ్స్ చాలా సాదాగా ఉన్నాయి, చూపించుకునేది ఏమీ లేదు. కానీ డ్రమ్స్, బేస్ రెండూ ఒకే ఒంట్లోంచి వచ్చినట్టు ఉన్నాయి. వాయించింది ఒకే మనిషి అయితే కిక్ ఎక్కడ పడుతుందో బేస్ వేలికి ముందే తెలుస్తుంది. ఇద్దరున్నా ఖాళీ అనిపించకపోవడానికి నాకు తోచిన కారణం అది.

నల్లమెట్లు (విజయవాడ)

నిన్న ఆదివారం. ఆరాధన అయ్యాక అందరూ వెళ్లిపోయాక, మా డ్రమ్స్ అబ్బాయి, నేను, బేస్ అన్న ఉండిపోయాం. కీబోర్డ్‌లో స్టైల్స్, అంటే దానంతట అదే వాయించే తాళాలు, అన్నీ ఆపేశా. మామూలుగా స్టైల్ వేసి దాని మీద వాయిస్తాం కదా, ఆపేసరికి హాలంతా పెద్దదైపోయినట్టు అనిపించింది. అబ్బాయికి పంతొమ్మిదేళ్లు. తాళంగాడు అన్న రాసింది చదివి వినిపించా. వాడు కర్రలు పక్కన పెట్టి తొడల మీద పది నిమిషాలు తకిట వేసుకున్నాడు. తర్వాత డ్రమ్స్ మీద మొదలుపెట్టాడు. నేను స-రి-గ-ప పట్టుకుని ఊరికే కూర్చున్నా, మార్చలేదు. ఓ నాలుగు నిమిషాల తర్వాత ఎక్కడో ఎనిమిది లెక్కల పాటు వచ్చింది. సరిగ్గా వచ్చింది. ముగ్గురం ఒకేసారి తలెత్తి చూసుకున్నాం. చూసుకోగానే పోయింది.

మళ్లీ గంట ప్రయత్నించినా రాలేదు. అన్నా, మీరు చెప్పినట్టే గట్టి దెబ్బ తర్వాత ‘కి’ వాడికి గట్టిగానే పడుతోంది. ఏం చేయమంటారు?

తాళంగాడు (వరంగల్)

గట్టి దెబ్బ తీసేయమను. వారం రోజులు మూడో తకిట దగ్గర కొట్టొద్దు, అన్నీ మెల్లగానే. మెట్రోనోమ్ క్లిక్ నిమిషానికి అరవైలో పెట్టి, స్నేర్ మీద చేతి రుమాలు పరిచి, ఎడమచేయి కర్ర మొన ఒక అంగుళం కన్నా పైకి లేవకుండా చూడు. నువ్వు పక్కన కూర్చుని చూడాలి, వాడికి తెలియకుండా లేస్తుంది. వారం తర్వాత రుమాలు తీసి, గట్టి దెబ్బ తిరిగి పెట్టి, ఫోన్‌లో రికార్డ్ చేసి ఇక్కడ పెట్టండి.